ముగ్గు పోసే గురువారం

వనితను ఎవరైనా "చాయ్ తాగుతవా?" అని అడిగితే "మీరు తాగితే తాగుత" అంటుంది. "పప్పు చేద్దామా, పులుసు చేద్దామా?" అంటే "ఏదైనా మంచిదే" అంటుంది. ఇక చీరల దుకాణంలో ఆమె పక్కన కూర్చున్న వాళ్ళ పాట్లు దేవుడికే తెలియాలి. ఎర్రచీర కొనుక్కుని బయటికొచ్చి, ఆటో ఎక్కాక, పచ్చది బాగుండేదేమో అంటుంది. ఇదేదో ఆమె మీద చాడీ చెప్పడం కాదు. ఆ మాట ఆమే నవ్వుతూ చెప్పుకుంటుంది.

ఆమె పుట్టింది బోథ్ దగ్గరి ఒక పల్లెలో. పత్తి, సోయా పండించుకునే ఇల్లు. పదో తరగతి అయ్యాక ఇంకా చదువుతావా, మిషన్ కుట్టడం నేర్చుకుంటావా అని తల్లి దేవవ్వ అడిగితే, నిర్ణయం తేలక ఎండాకాలమంతా గడిచిపోయింది. కాలేజీలో చేరే గడువు దాటిపోయింది కాబట్టి మిషన్ నేర్చుకుంది. పెళ్ళికి రెండు సంబంధాలు వస్తే "మీరెట్లంటే గట్ల" అంది. వాళ్ళు మందమర్రి పంపారు. ఆ ఒక్కటి మాత్రం తప్పు పోలేదని వనిత ఇప్పటికీ అంటుంది.

భర్త కుమారస్వామి మంచివాడు. కంట్రాక్టు మీద నీళ్ళ ట్యాంకర్ నడుపుతాడు. బొగ్గు లారీలు తిరిగే రోడ్ల మీద దుమ్ము లేవకుండా పొద్దంతా నీళ్ళు చల్లుకుంటూ పోవడం అతని పని. మామ రాజలింగు బొగ్గు బాయిలో దిగి పనిచేసే మనిషి. ఉండే క్వార్టర్ కంపెనీది, మామ పేరు మీదిది. రెండు గదులు, ముందర రేకుల వసారా. ఆ వసారాలోనే వనిత కుట్టు మిషన్. అత్త అనసూర్య, ఎనిమిదేళ్ళ కూతురు నర్మద, అందరూ ఆ రెండు గదుల్లోనే సర్దుకున్నారు.

ఇక్కడి దాకా బాగానే ఉంది. చిక్కెక్కడ వచ్చిందంటే, మామ రిటైర్మెంటు దగ్గరపడింది. ఆయన రిటైర్ అయ్యాక క్వార్టర్ కంపెనీకి అప్పజెప్పాలి. కంట్రాక్టు పనివాడికి క్వార్టర్ రాదు. కాబట్టి ఇల్లు కావాలని కుమారస్వామి పట్టుబట్టాడు. ఊరి చివర ఒక ప్లాటు చూసి బయానా కూడా ఇచ్చి వచ్చాడు.

అత్తది వేరే పట్టు. ఆమెకు ఇంకో మనవడో మనవరాలో కావాలి. నర్మద ఒక్కతే అయిపోయిందని ఆమె బెంగ. నర్మద పుట్టినప్పుడు వనిత కడుపు కోసి తీశారు. చాలా కష్టమైంది, ఖర్చూ అంతే అయింది. మళ్ళీ ఆ దారిన పోతే ఇల్లు లేదు. ఇల్లు మొదలుపెడితే మళ్ళీ కానుపుకు చేతిలో మిగిలేదేమీ లేదు. రెండూ ఒక్కసారి మోసే ఇల్లు కాదు వాళ్ళది.

ఇగ వనిత గతి చూడాలి. పొద్దున పొయ్యి దగ్గర అత్త పట్టుకునేది.

"పిల్లా, ఇల్లుదేమున్నదే, కిరాయికి సుత ఉండొచ్చు. పిల్లలను కిరాయికి తెచ్చుకుంటమా?"

"నిజమే అత్తా," అనేది వనిత. నిజమే అనిపించేది కూడా.

సాయంత్రం ట్యాంకర్ దిగి వచ్చి కుమారస్వామి వసారాలో కూర్చునేవాడు.

"ఉన్న బిడ్డకు నెత్తి మీద కప్పు లేదు గని ఇంకొకరిని ఎందుకు పరేషాన్ చేసుడు? ఏమంటవే?"

"అవ్, గది గూడ నిజమే."

అదీ నిజమే అనిపించేది. అబద్ధం ఆడే మనిషి కాదు వనిత. ఎవరు చెబుతుంటే వాళ్ళ వైపు నుంచి చూసేది, అటే నిలబడిపోయేది. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు కొలతలతో పాటు సలహాలూ ఇచ్చి పోయేవాళ్ళు. ఒకామె చంక కొలత ఇస్తూ "ఒక్కరు చాలు, నా మాట విను" అనేది. ఇంకొకామె నడుం కొలత ఇస్తూ "ముసలితనంల ఒక్క బిడ్డ ఎటని ఉరుకుతదే?" అనేది. వనిత టేపు పట్టుకుని ఇద్దరికీ తల ఊపేది. నర్మదను అడిగితే తమ్ముడూ వద్దు, చెల్లెలూ వద్దు, కుక్కపిల్ల కావాలంది.

మామను అడుగుదామంటే ఆయన నోరు విప్పడు. "నాది నైట్ షిఫ్టు, నన్ను మీ పంచాయితీల గుంజకుండ్రి" అని దుప్పటి కప్పుకునేవాడు.

ఆఖరికి కుమారస్వామే గెలిచాడు. గెలిచాడంటే, వనిత ఒప్పుకున్న రోజు అతను చివరగా మాట్లాడాడు, అంతే. ముందు ఇల్లు. శ్లాబు పడ్డాక వనితకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. అక్కడితో ఆ పంచాయితీ బందు. అత్త రెండు రోజులు మూతి ముడుచుకుంది గానీ మామ రిటైర్మెంటు పైసలు కూడా ఇంటికే అని తేలాక ఊరుకుంది.

ఇంటికి ముగ్గు పోసే ముహూర్తం అడగడానికి అయ్యగారి దగ్గరికి అత్తా కోడళ్ళిద్దరూ పోయారు. ఆయన పంచాంగం తిరగేసి శ్రావణంలో ఒక గురువారం చెప్పాడు.

"ఇది దాటితే కుమారస్వామి పేరు మీద మళ్ళ దసరా దాటినంకనే. ఇంకొకటి అడుగుతున్న, ఏమనుకోకుండ్రి. కోడలు కడుపుతోని లేదు గదా? ఉంటే మొగడు ముగ్గు పొయ్యొద్దు, భూమిల గడ్డపార పోటు వెయ్యొద్దు, కొబ్బరికాయ కొట్టొద్దు. కానుపు దాటేదాక ఆగాలె."

"ఏడున్నది అయ్యగారూ," అని అనసూర్య నిట్టూర్చింది. "గదే లేదు గదా మా ఏడ్పు."

అప్పుడు నిజంగానే లేదు. లేదనే వనిత అనుకుంది.

గురువారం దగ్గర పడుతుంటే ఆమెకు లెక్క తప్పినట్టు అనిపించింది. ఆమెకు నెలనెలా సరిగ్గా వచ్చేది కాదు. ఒక్కోసారి ముందు, ఒక్కోసారి వెనక. ఇది కూడా అలాంటిదేలే అనుకుంది. ఒక పొద్దున చాయ్ వాసన కొడితే కడుపులో తిప్పింది. పాలు విరిగాయేమో అని చూసింది. విరగలేదు. ఎదురింటి బాలలక్ష్మి చేతికి పైసలిచ్చి మెడికల్ షాపు నుంచి పరీక్ష పట్టీ తెప్పించింది. తానే పోదామంటే ఆ షాపతను కుమారస్వామి దోస్తు.

పట్టీ మీద ఒక గీత ముదురుగా వచ్చింది. రెండో గీత... వచ్చిందా, రాలేదా? కిటికీ దగ్గర పట్టుకుంటే ఉన్నట్టుంది. బల్బు కింద పట్టుకుంటే లేదు.

"ఉన్నది వదినె," అంది బాలలక్ష్మి కళ్ళు చిట్లించి. "సన్నగ ఉన్నది చూడు."

"గీతనా, నీడనా గది?"

"నీడకు గులాబి రంగు ఉంటదా?"

"మరి ఇంత సన్నగ ఎందుకున్నది?"

"ఇయ్యాల రేపు అన్ని కల్తీనే. ఇంకొకటి తేనా?"

"వద్దు. రెండుసార్లు తెస్తే నీ మీద అనుమానం వస్తది," అంది వనిత. ఇద్దరూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్వి నవ్వి వనిత ఉన్నట్టుండి ఊరుకుంది. గీత ఉంటే ముగ్గు ఆగాలి. ముగ్గు ఆగితే ఇల్లు వచ్చే ఏటికి పోతుంది. ఈ లోపల మామ రిటైర్ అవుతాడు, క్వార్టర్ పోతుంది. గీత లేకపోతే, లేని దాని కోసం అందరినీ ఆగం చేసినట్టు అవుతుంది. చెప్పాలా, వద్దా?

చెబుదామనే అనుకుంది. అత్త పొయ్యి దగ్గర ఉన్నప్పుడు నోరు తెరిచింది. అంతలో మేస్త్రి హనుమంతు వచ్చి సిమెంటు దిగిందని చెప్పాడు. కుమారస్వామి స్నానం చేసి వచ్చినప్పుడు మళ్ళీ నోరు తెరిచింది. అతను కొత్త ధోవతి విప్పి, "ఇది ఎట్ల కట్టుకోవాల్నే, ఊడితే నా ఇజ్జత్ పోతది" అని నవ్వుతున్నాడు. అంత సంతోషంగా అతన్ని చూసి చాలా రోజులైంది. నోరు మూసుకుంది. ఒకవేళ ఉంటే ఉండనీ, ఎవరికీ తెలియకపోతే పట్టింపు ఉండదేమో అనుకుంది. మళ్ళీ వెంటనే, బిడ్డకేమైనా అయితే? అనుకుంది. ఏమైనా అయితే అని అనుకోగానే తెలియకుండానే చెయ్యి కడుపు మీదికి పోయింది. ఆ చెయ్యి ఎందుకు పోయిందో ఆమెకే అర్థం కాలేదు. వద్దనుకున్నది గదా.

గురువారం వచ్చేసింది.

ప్లాటులో హనుమంతు మేకులు కొట్టి, దారాలు కట్టి, తెల్లగా ముగ్గు గీతలు పోసి పెట్టాడు. కాలనీ ఆడవాళ్ళు పది మంది దాకా వచ్చారు. అయ్యగారు బండి మీద వచ్చి, ఇంకో చోట ముహూర్తం ఉంది, జర జల్ది కానియ్యిండ్రి అన్నాడు. ఈశాన్యం మూల పీట వేశారు. కుమారస్వామి ఒక చేత్తో ధోవతి పట్టుకుని కూర్చున్నాడు. పక్కన వనిత కూర్చుంది. పసుపు గణపతికి పూజ అయింది. అయ్యగారు గడ్డపారకు పసుపు కుంకుమ పెట్టి ఇచ్చాడు.

"భూమికి దండం పెట్టి నాలుగు పోట్లు వెయ్యి."

వనిత గడ్డపార వైపు చూసింది. ఇప్పుడు చెప్పాలి. ఇప్పుడు. కుమారస్వామి గడ్డపార ఎత్తాడు. మన్ను పెళ్ళగిల్లింది. అందరూ "మంచిగైంది, మంచిగైంది" అన్నారు. 

"ఇగ కొబ్బరికాయ కొట్టు."

కుమారస్వామి కాయ పట్టుకుని చెయ్యి పైకెత్తాడు.

"కొట్టకు!"

ఎవరు అరిచారా అని అందరూ వెనక్కి చూశారు. వనిత కూడా చూసింది. అరిచింది తానే.

"ఏమైందే?" కుమారస్వామి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచాడు.

"నాకు... నెల తప్పింది."

అనసూర్య మొహం మీదికి ముందు నవ్వు వచ్చింది. ఆ తర్వాత పెళ్ళగించిన మన్ను మీద చూపు పడి చెయ్యి నోటి మీదికి పోయింది.

"నీ జిమ్మడిపోను, గీ ముచ్చట పొద్దుగాల చాయ్ కాడ చెప్పరాదే!"

"నాకే ఎర్కలేదత్తా. గీత సగమే వచ్చింది."

"ఏం గీతనే?"

"సన్నగనే గని వచ్చింది పెద్దమ్మా. నేను గూడ చూసిన," అని బాలలక్ష్మి అడ్డం వచ్చింది.

"ఓహో, నువ్వు గూడ చూసినవా? గల్లీ గల్లీకి ఎర్క, అత్తకు ఎర్కలేదు!"

"కానీ మొగడు పోటు వేసిండు గదా అయ్యగారూ, ఇప్పుడెట్ల?" అని ఒకామె అడిగింది. దాంతో అందరూ మొదలుపెట్టారు. ఒకరు ఆపాలన్నారు. ఒకరు మొదటి నెలకు పట్టింపు లేదన్నారు. ఇంకొకామె తన తోడికోడలికి ఏమైందో చెప్పబోతే నలుగురు కలిసి నోరు మూయించారు.

అయ్యగారు నుదురు రుద్దుకున్నాడు. పక్కకు పోయి ఎవరో పెద్దాయనకు ఫోన్ చేసి వచ్చాడు.

"మొదలైతే ఆపొద్దు అంటుండు. మొదలు కాకుంటే మొదలు పెట్టొద్దు అంటుండు."

"మరి ఇది మొదలైనట్టా, కానట్టా?" అన్నాడు కుమారస్వామి.

"గదే సమజ్ అయితలేదు."

హనుమంతు తాపీ పట్టుకుని ఇటు చూశాడు, అటు చూశాడు. "సిమెంటు దిగింది, మనుషులు వచ్చిండ్రు. నేను ఇల్లు కట్టాల్నా, ఉయ్యాల కట్టాల్నా చెప్పుండ్రి."

కుమారస్వామి వనిత వైపు తిరిగాడు. అతని కళ్ళల్లో కోపం లేదు. అదే ఆమెకు కష్టమనిపించింది. కొబ్బరికాయ ఎక్కడ పెట్టాలో తెలియని వాడిలా పట్టుకుని ఉన్నాడు. "మొన్ననే చెప్తే అయిపోవు గదనే," అన్నాడు మెల్లగా.

"చెప్తే నువ్వు ఆపేటోనివి."

"అవ్. ఆపేటోన్ని. వద్దా మరి?"

"ఎర్కలే," అంది వనిత. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నిజంగ ఎర్కలే."

అప్పుడు రాజలింగు లేచాడు. అప్పటిదాకా వేపచెట్టు నీడన ఇటుకల మీద కూర్చుని ఉన్నాడు. వచ్చి కొడుకు చేతిలోని కొబ్బరికాయ తీసుకున్నాడు.

"లెవ్వు కొడుకా."

కొడుకు లేచాడు. తండ్రి పీట మీద కూర్చుని పెళ్ళాం వైపు చూశాడు.

"అనసూర్యా, రా కూసో."

"నేనా?"

"మరెవ్వలు? కడుపుతోని ఉన్నది నా కోడలు. నా పెండ్లాం కాదు గదా."

ఒక్కసారి ఘొల్లుమన్నారు అందరూ. అయ్యగారు కూడా నవ్వి, తండ్రి పేరు మీద కూడా ఈ ముహూర్తం మంచిదేనని వేళ్ళ మీద లెక్క వేసి చెప్పాడు. అనసూర్య కొత్తపెళ్ళికూతురిలా కొంగు నిండా కప్పుకుని వచ్చి కూర్చుంది. రాజలింగు ఆ మన్ను పూడ్చి, మళ్ళీ కొత్తగా పోట్లు వేశాడు. బాయిలో అన్నేళ్ళు పని చేసిన చెయ్యి, గడ్డపార దిగినచోట గుంట పడింది. కొబ్బరికాయ కొట్టాడు. రెండు చిప్పలుగా పగిలింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఇంట్లో పండగలాగే ఉంది. అత్త వనితను బిందె ఎత్తనివ్వలేదు. కడుపుతో ఉన్నామె మొగుడు గడ్డం గీయొద్దని కుమారస్వామి గీసుకోవడం మానేశాడు. రోజూ జామపండ్లు తెచ్చేవాడు. తెచ్చి పక్కన పెట్టి, కాసేపు గోడ వైపు చూసేవాడు. రెండూ ఎలా మోస్తామని అతని భయం. వనితకు తెలుసు. ఆమెకూ అదే భయం. మరి భయపడుతూనే పాత చీరల్లో మెత్తటి వాటిని ఎందుకు ఏరి పక్కన పెట్టిందో అడిగితే చెప్పలేదు. పునాది గోడలు లేస్తుంటే చూసి సంతోషపడింది. అంతలోనే ఆ సంతోషం తప్పేమో అనుకుంది.

ఒక మధ్యాహ్నం మిషన్ మీద కూర్చుని జాకెట్ చేతులు కుడుతుంటే నడుములో సన్నగా నొప్పి మొదలైంది. లేచేసరికి చీర తడిసింది.

మంచిర్యాలలో డాక్టరమ్మ చూసి, భుజం మీద చెయ్యి వేసింది. "నిలువలేదమ్మా. మొదట్లనే ఇట్ల చానామందికి పోతది. నువ్వు చేసిన తప్పేం లేదు," అని చెప్పింది. కుమారస్వామి తిరుగుదారిలో ఆటోలో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. 

ఇంటికి వచ్చేదాకా వనితకు ఒకటే ఆలోచన. మొదటి పోటు వేసింది కుమారస్వామే. తాను ఆపలేదు. కాయ దాకా ఆగింది. అత్త అదే అంటుంది. కాలనీ మొత్తం అదే అంటుంది.

అత్త గడప దగ్గరే నిలబడి ఉంది. కోడలి మొహం చూసి అర్థం చేసుకుంది. లోపలికి తీసుకుపోయి పడుకోబెట్టి వేడినీళ్ళు తెచ్చింది.

"అత్తా, నేను పోటు వెయ్యనిచ్చిన గదా," అంది వనిత. "ముందే చెప్పకపోతి. గందుకేనా?"

అనసూర్య వేడినీళ్ళ గిన్నె కింద పెట్టింది. ఆమె పట్టింపులన్నీ పట్టించుకునే మనిషి. మంగళవారం గోళ్ళు కూడా తీసుకోదు.

"కుమారస్వామి పుట్టక ముందు నాకొకటి గిట్లనే పోయింది పిల్లా," అంది. "అప్పుడు ఎవ్వడు ముగ్గు పొయ్యలే. ఎవ్వడు కొబ్బరికాయ కొట్టలే. మనకు ఇల్లు కట్టే తాకతే లేకుండె. మరెందుకు పోయింది? నాకు ఇప్పటిదాక ఎర్కలే. పండుకో."

వనిత అత్త చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఇద్దరూ ఏడ్చారు. నర్మద వచ్చి ఏమైందని అడిగితే, అమ్మకు కడుపు నొస్తుందని అనసూర్య చెప్పింది.

ఇల్లు ఆగలేదు. గోడలు లేచాయి, శ్లాబు పడింది. హనుమంతుకు ఆ రోజు అన్నం పెట్టి, బట్టలు పెట్టారు. శ్లాబు పడ్డ వారానికి, సర్కారు దవాఖాన తరఫున ఇల్లిల్లూ తిరిగే ఆశా అక్క క్వార్టర్ దగ్గరికి వచ్చింది. ఆపరేషన్ సంగతి కుమారస్వామి ఆమెకు అంతకుముందే చెప్పి ఉంచాడు.

"వనితా, వచ్చే వారం ఆపరేషన్లు ఉన్నయి. నీ పేరు రాసుకుంటున్న, ఆధార్ కార్డు తే."

కుమారస్వామి గూట్లోంచి కార్డు తీయబోయాడు. అంతా మాట్లాడుకున్నదే, ఒప్పుకున్నదే. వనిత మిషన్ ఆపింది.

"రాయకక్కా."

"అదేందే? వచ్చే వారం వీలు కాదా?"

"వీలు గురించి కాదు. రాయకు."

ఆశా అక్క కుమారస్వామి వైపు చూసింది. అతను కార్డు చేతిలో పట్టుకుని పెళ్ళాం వైపు చూశాడు. పన్నెండేళ్ళ కాపురంలో ఆమె నోట్లోంచి ఇంత తిన్నగా వద్దు అనే మాట అతను వినలేదు. పొయ్యి దగ్గర అత్త గిన్నెల చప్పుడు ఆగిపోయింది. వింటోందని ముగ్గురికీ తెలుసు.

ఆశా అక్క వెళ్ళిపోయాక కుమారస్వామి మిషన్ పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్నాడు.

"అంటే ఇంకొకరు కావాల్నా నీకు?"

"కావాలని అంటలేను."

"మరి వద్దా?"

"వద్దని గూడ అంటలేను. డాక్టరమ్మ పోయిందని చెప్పినప్పుడు, ఇగ ఇల్లు మంచిగైతదని సంతోషం రావాలె గదా నాకు? రాలే. ఏడ్పొచ్చింది. గది ఎందుకొచ్చిందో నాకు తెలిసేదాక ఆపరేషన్ ముచ్చట తియ్యకు."

"ఎప్పుడు తెలుస్తది?"

"నాకేం ఎర్క?"

కుమారస్వామి కాసేపు గడ్డం గోక్కున్నాడు. మళ్ళీ గీసుకోవడం మొదలుపెట్టలేదు అతను ఇంకా. ఆ తర్వాత ఆధార్ కార్డు తీసుకుపోయి గూట్లో పెట్టాడు.

"సరే తియ్యి," అన్నాడు. "శ్లాబుకు నీళ్ళు పట్టాలె, నేను పోతున్న. వస్తవా?"

"ఈ జాకెట్ ఇయ్యాల ఇచ్చెయ్యాలె," అంది వనిత. ఒక్క క్షణం జాకెట్ వైపు, ఒక్క క్షణం అతని వైపు చూసి, దారం కొరికి లేచింది. "ఆగు, వస్త."